అసలు

జాక్మెల్ పైన కొండమీద, రేకుల బడిలో
ఈ పొద్దున తీసివేతలు చెబుతున్నాను.
పదకొండుమంది రావాలి, నలుగురొచ్చారు.
సుద్దముక్కలు అయిపోయి నెలయింది.
రాజధానికి పోయే రోడ్డు తెగింది,
వరదకి కాదు, తుపాకులకి.
పాత తలుపుచెక్క మీద
బొగ్గుతో రాస్తున్నాను.

"మూడు కోట్లలోంచి అరవై లక్షలు తీసేస్తే?"
"రెండు కోట్ల నలభై" అంది ఫిలోమిజ్, వేలు ముడవకుండా.
"ఆ అరవై ఎవరు తిన్నారు మాస్టారూ?"
అడిగినవాడు ఎక్సిలియా.
వాడికి లెక్క రాదు గానీ
దొంగ వాసన తెలుసు.

"అప్పిచ్చినవాడే. చేతికివ్వక ముందే."
"అప్పెందుకు?"
"అప్పు తీర్చడానికి."
"ఆ అప్పో?"
"మనల్ని మనం కొనుక్కున్నందుకు."
"యుద్ధంలో మనం గెలిచాం కదా?"

గెలిచాంరా.
గెలిచిన ఇరవై ఒక్కేళ్ళకి
పధ్నాలుగు ఓడలు రేవులో నిలబడి
పదిహేను కోట్ల ఫ్రాంకుల చీటీ చూపించాయి:
పోగొట్టుకున్న చెరుకుతోటల ఖరీదు, కాఫీతోటల ఖరీదు,
తోటల్లో వంగిన వీపుల ఖరీదూ కలిపి.
ఆ వీపులే కట్టాలి.
ఫిరంగులు మాత్రం మాట్లాడలేదు.
మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఇంతవరకూ పుస్తకంలో ఉంది.
పుస్తకంలో లేనిది
కిటికీ అవతల బుట్ట దించుకుంటోంది.
మెరిలియా, ఉడికించిన సీమపనస అమ్ముతుంది.
నలభై ఏళ్ళు కాఫీ గోదాములో గింజలు ఏరింది.
మంచివి ఓడకి, నల్లవి ఇంటికి.
తూకం వేసేవాడి బొటనవేలు
ఎప్పుడూ పళ్ళెం మీదే ఉండేదట.
"ఆ వేలు బరువే
మా ఆయన మోసిన బస్తాలకంటే ఎక్కువ" అంటుంది.
ఆమె పుట్టినరోజు కాగితం మీద
పేరుకంటే పెద్ద అక్షరాల్లో 'రైతు' అని ముద్ర.
అంటే పట్నం మనిషి కాదని.
అంటే, ఇంకా విప్పి చెప్పాలంటే, మనిషి లెక్కలోకి రాదని.

రాత్రి రేడియోలో ఒక పెద్దమనిషి
"ఈ సంక్షోభం అసలు ఎందుకొచ్చిందంటే" అని గొంతు సవరించుకుని
పోయిన ఎన్నికల దగ్గర మొదలుపెట్టాడు.
వడ్డీ లెక్క అది.
అసలు జోలికి ఎవరూ పోరు.

కొండమీద కాఫీ గింజకి పన్ను,
పన్నుకి రేవులో ఒక గది,
గదికి తాళం.
చాలాకాలం ఈ దేశంలో రాజ్యమంటే ఆ తాళమే.
అది ఎవడి మొలకి వేలాడితే వాడు జనరల్.
కొండకి బడి కట్టాలని
తాళానికి ఎందుకు తోస్తుంది?
ఒకసారి, డిసెంబరు నెలలో, వేరే జెండా సైనికులు వచ్చి
బ్యాంకులోని బంగారాన్ని పెట్టెల్లో ఎక్కించుకుపోయారు,
భద్రంగా దాచడానికట.
ఇప్పుడు రోడ్డుకి అడ్డంగా టైర్లు తగలబెట్టి
లారీకి ఇంత అని వసూలు చేసే కుర్రాళ్ళు
కొత్తగా ఏం కనిపెట్టలేదు.
తాళం తాతలదే. చేతులే లేతవి.

ఇక్కడ ఆగిపోవచ్చు. పాఠం బాగానే కుదిరింది.
ఎక్సిలియా ఊరుకోడుగా.
"మరి మీ తాతేం చేసేవాడు మాస్టారూ?"

కింద రేవు వీధిలో
మాకొక మేడ ఉండేది. వసారాకి ఇనుప స్తంభాలు,
తీగలూ పువ్వులూ పోతపోసినవి.
కాఫీ మోసుకుపోయిన ఓడ
తిరిగొస్తూ తెచ్చిన స్తంభాలు.
మా ముత్తాత కస్టమ్స్ గుమాస్తా.
అందమైన దస్తూరి అంటారు మా ఇంట్లో.
జీతం ఎంతో ఎవరూ అనరు.

పిల్లలకి చెప్పలేదు.
"గంటయింది, లేవండి" అన్నాను.
బడిలో గంటే లేదు.

బయట నాలుగు ముక్కలు నలుగురికి, ఒకటి నాకు.
జేబులో గూర్దులు చాలలేదు.
"ఖాతా రాసుకో మెరిలియా" అన్నాను.
ఆమె చేతులు పావడాకి తుడుచుకుంది.
"నాకు రాత రాదు మాస్టారూ.
రాసుకోవడం
మీ ఇంటివాళ్ళ పని కదా."